రెండు బై అయిదు

గంట కొట్టారు, చివరి పీరియడ్, ఏడో తరగతి బి సెక్షన్, నలభై మూడు మంది, నా దగ్గర ఒక్క మాట లేదు. లేకేం, ఉన్నాయి, గొంతు దాకా వచ్చి నిలబడి ఉన్నాయి, వాడకూడదు అంతే. సోమవారం గొంతు డాక్టరు నా నాలుకని గుడ్డముక్కతో పట్టుకుని బయటికి లాగి, లోపలికి చిన్న అద్దం పెట్టి చూసి, బుడిపెలు లేచాయమ్మా, వచ్చే సోమవారం దాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుసలు అసలే వద్దు, అవి ఇంకా చేటు అన్నాడు. ఏం పని చేస్తారని అడిగి, నేను నోరు తెరిచేలోపే వేలు అడ్డం పెట్టి, టీచరే కదా, లెక్కలే కదా అని నవ్వాడు, తన దగ్గరికి లెక్కలవాళ్ళే ఎక్కువ వస్తారట, వాళ్ళ తర్వాత కూరగాయలు అమ్మేవాళ్ళట. ఆయన రాసిచ్చిన కాగితం తీసుకెళ్ళి పెద్దమేడం టేబులు మీద పెడితే ఆవిడ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, "జ్వరం లేదు, కాలు విరగలేదు, దీనికి సెలవెందుకమ్మా, బోర్డుంది, చాక్‌పీసుంది, చేతులున్నాయి" అంది. చేతులున్నాయి కాబట్టే ఆవిడ టేబులు మీద కాగితాల బరువుకి పెట్టిన ఆ గాజు గుండు తీసి ఏంచేయాలనిపించిందో అది రాయకూడదు, చేతులు కట్టుకుని వచ్చేశాను. పోనీ పాఠాలతో వదిలిందా, లేదు, వెనకబడ్డ పిల్లల జాబితా కూడా ఇవాళ చివరి గంటలోపు కావాలంది, అది కూడా రాసేశాను, మధ్యాహ్నం విరామంలో, ఒక చేత్తో టిఫిన్ డబ్బా మూత తీస్తూ, బి సెక్షన్‌లో ఆరు నంబర్లు, హాజరు పట్టీలో మడిచిపెట్టి ఉంది. జాబితాలో ఉన్నవాళ్ళు వచ్చే నెల నుంచి వెనకాల రేకుల షెడ్డులో డి సెక్షన్‌కి పోతారు, అక్కడ అన్ని పాఠాలకీ ఒకే పంతులమ్మ, ఆమెకి రిటైర్మెంటు ఇంకో ఏడాది. డి నుంచి బికి తిరిగొచ్చిన పిల్లని నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో చూడలేదు.

తలుపు తీస్తే ఆ చప్పుడు, మూత తీసిన కందిరీగల గూడు. నన్ను చూసి లేచారు, "నమస్తే టీచర్" అని సాగదీశారు, నేను బదులు చెప్పలేదని ఇంకోసారి సాగదీశారు. బోర్డు మీద రాశాను, నా గొంతు బాగాలేదు, భిన్నాల కూడిక, అయిదు లెక్కలు ఇస్తున్నాను, చప్పుడు చేయకుండా చేయండి. రాసి ఇటు తిరిగేసరికి నలభై మూడు ముఖాల్లో ఒకటే వెలుగు. అంతే, మొదలు. "టీచర్, పెన్నుతో చేయాలా పెన్సిల్‌తోనా", "టీచర్, ప్రశ్న రాసుకోవాలా", "టీచర్, తేదీ వేయాలా", "టీచర్, కొత్త పేజీయా, ఉన్నదాంట్లోనేనా", "టీచర్, వీడు నా స్కేలు విరిచాడు", "విరవలేదు టీచర్, అది ముందే విరిగింది". జూన్ నుంచి రోజూ ఇవే అడుగుతున్నారు, రోజూ చెబుతున్నాను, పెన్నుతో, రాసుకోవాలి, వేయాలి, కొత్త పేజీ, గోడకి చెప్పినా ఈపాటికి ఓ పగులైనా ఇచ్చి ఉండేది. మామూలుగా అయితే ఒక్క కేక, కేక కాదు, మొదటి అక్షరం చాలు, ఏ అంటే చాలు అణిగిపోతారు, ఇప్పుడు ఆ ఏ లేదు. డస్టరుతో టేబులు మీద కొట్టాను, సుద్దపొడి లేచి నా ముక్కులోకే పోయింది, తుమ్ము వచ్చింది, తుమ్మడం మాట్లాడటం కిందికి వస్తుందా రాదా అని డాక్టరు చెప్పలేదు. తుమ్మాను. చివరి బెంచీలో ఎవరో "చిరంజీవ" అన్నారు, క్లాసంతా పడి పడి నవ్వింది.

ఇంట్లోనూ ఇదే వరస. మా ఆయన రోడ్ల శాఖ ఆఫీసులో ప్లానులు గీస్తాడు, పొద్దస్తమానం స్కేలుతో మాట్లాడి వస్తాడు, ఇంటికి వచ్చాక నేను మాట్లాడుతుంటే పేపరు అడ్డం పెట్టుకోవడం పెళ్ళైన కొత్తలోనే నేర్చుకున్నాడు. నిన్న అన్నం దగ్గర చారు పోసుకుంటూ, "ఈ వారం ఇల్లు ఎంత హాయిగా ఉందో" అన్నాడు, అని నాలిక్కరుచుకున్నాడు, కానీ అనేశాడుగా. మా అమ్మాయి పదో తరగతి, అది ఇంకా నయం, నా ముందు చిన్న నోటుపుస్తకం పెట్టి "ఏం కావాలన్నా ఇందులో రాయమ్మా" అంది, నేను రాసింది చదివి, "రాతలో కూడా తిడుతున్నావేంటమ్మా" అంది. నేను తిట్టలేదు, బాత్‌రూమ్‌లో లైటు తీయమని రాశాను, పక్కన మూడు చుక్కలు పెట్టాను అంతే. నేను పుట్టుకతో గట్టి గొంతుదాన్ని కాదు, ఆ సంగతి వీళ్ళకెవరికీ తెలియదు. చిన్నప్పుడు మా అక్క నన్ను పిల్లిపిల్ల అనేది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నా గొంతు రెండో బెంచీ దాటేది కాదు, మూడో బెంచీ నుంచి వాళ్ళ లోకం వాళ్ళది, ఒకరోజు ఎవడో కాగితపు విమానం నా జడలో దిగేటట్టు వేశాడు. అప్పటి సీనియర్ సైన్సు పంతులమ్మ స్టాఫ్‌రూమ్‌లో నా పక్కన కూర్చుని, "గొంతు పెంచు తల్లీ, లేకపోతే వీళ్ళు నిన్ను నమిలేస్తారు" అంది. పెంచాను. సాయంత్రాలు డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి, నిశ్శబ్దం, కూర్చో, బయటికి పో, అని అరిచి సాధన చేశాను. మా అత్తగారు మెట్ల కింద నుంచి "ఎవరితోనమ్మా పోట్లాట" అని అడిగింది, ట్యాంకుతో అని చెప్పలేక, కాకితో అత్తయ్యా అన్నాను. నెల తిరిగేసరికి నా కేక పక్క సెక్షన్‌లో కూడా పనిచేయడం మొదలైంది. తర్వాత కేక ఒక్కటే చాలలేదు, దానికి కాస్త కారం కలిపాను, ఒక మాట అంటే మిగతా నలభై మంది నవ్వాలి, నవ్వితే ఆ ఒక్కరు అణుగుతారు, ఒక్కరు అణిగితే క్లాసు చేతిలో ఉంటుంది. ఎవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది, వచ్చినది పోలేదు.

"టీచర్, నేను చెప్పనా?" మొదటి బెంచీ పిల్ల, క్లాస్ లీడరు. పిల్లలందరూ పెద్దమ్మ అంటారు, పన్నెండేళ్ళకే నలభై ఏళ్ళ నడక, రెండు జడలూ గట్టిగా వేసుకుని, చొక్కా జేబుకి రెండు పెన్నులు. అప్పటికే పీరియడ్‌లో పది నిమిషాలు పోయాయి, మూడో వరసలో ఇద్దరు బెంచీ మీద చోటు కోసం గుంజుకుంటున్నారు, తల ప్రాణం తోకకొచ్చి, సరే కానివ్వు అని చెయ్యి ఊపాను. చాక్‌పీసు దాని చేతికిచ్చి, నడుం నొప్పిగా ఉంటే వెనక్కి నడిచి ఆఖరి బెంచీ చివర ఖాళీ ఉంటే కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళలో ఈ గదిలో వెనక కూర్చోవడం ఇదే మొదలు. బెంచీకి ఒక కాలు పొట్టి, ఊగుతోంది, మోకాలికి మేకు తగులుతోంది. ముందుకి చూస్తే బోర్డు సగమే ఉంది. పడమటి కిటికీలోంచి ఎండ పడి కుడివైపు బోర్డంతా తెల్లగా మెరుస్తోంది, నేను అంత పొందిగ్గా రాసిన మూడు, నాలుగు, అయిదో లెక్కలు ఆ మెరుపులో లేవు. టీచర్, కనపడట్లేదు అని ఈ వరసవాళ్ళు వారానికి ఒకసారైనా అంటారు, కళ్ళు బస్సులో మర్చిపోయొచ్చావా అంటాను నేను, నవ్వుతారు, పక్కవాడి పుస్తకంలో చూసి ఎక్కించుకుంటారు. ఒక కర్టెన్ గుడ్డ కోసం పెద్దమేడంకి అర్జీ పెట్టాలి, పెడితే ఆవిడ చేతులున్నాయిగా పట్టుకోండి అంటుంది.

పెద్దమ్మ మొదలుపెట్టింది. చాక్‌పీసుతో టేబులు మీద టక్ టక్ అని రెండుసార్లు కొట్టింది, ఎడమ చెయ్యి నడుం మీద వేసింది, గడ్డం కాస్త పైకెత్తి, "ఏం, పెళ్ళికొచ్చారా? తాంబూలాలివ్వమంటారా?" అంది. అణిగిపోయారు. ఒక్కసారిగా. నాకు నవ్వొచ్చింది, ఎక్కడో కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఎందుకంటే ఆ పిల్ల వెక్కిరించడం లేదు, నన్ను వెక్కిరించేవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళు బాత్‌రూమ్‌ల దగ్గర చేస్తారు, ఇది నిజంగా పాఠం చెబుతోంది, పాఠం అంటే ఇలాగే చెప్పాలి అనుకుని చెబుతోంది. హారాలు వేరైతే ముందు ఏం చూడాలి, క.సా.గు., ఎవరికి, నీ తాతకా, హారాలకి. అక్షరం పొల్లుపోలేదు. మొదటి లెక్క, ఒకటి బై రెండు ప్లస్ ఒకటి బై మూడు. క్లాసంతా చూపు తిప్పి, "నిదానం, నువ్వు రా" అంది.

నిదానం మూడో బెంచీ, కిటికీ పక్క. హాజరు పట్టీలో ముప్పై ఒకటి. సన్నగా, ఎప్పుడూ చొక్కా చేతులు వేళ్ళదాకా లాక్కుని ఉంటుంది, ఏది అడిగినా జవాబుకి ముందు అంతసేపు ఆగుతుంది, అడిగినవాళ్ళు ఇంకో పని చూసుకుని రావచ్చు. జూన్‌లో ఒకరోజు, ఎండలు, కరెంటు లేదు, ఆ పిల్ల బోర్డు దగ్గర నిలబడి కదలకపోతే, నిదానమే ప్రధానం తల్లీ, నువ్వు లెక్క చేసేసరికి నేను రిటైర్ అవుతాను అన్నాను. ఆ పూటకి అన్న మాట. సాయంత్రానికి అది పేరైపోయింది, జులైకల్లా హిందీ టీచరు కూడా అలాగే పిలుస్తోంది. నిదానం లేచి వెళ్ళి చాక్‌పీసు అందుకుని రాసింది, పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ అయిదు, రెండు బై అయిదు. ఎన్నిసార్లు, దేవుడా, ఎన్నిసార్లు, జూన్ నుంచి ఈ పిల్ల చేత ఇదే లెక్క కనీసం ముప్పైసార్లు చేయించి ఉంటాను, ముప్పైసార్లూ పైవి పైకి కిందివి కిందకి కలిపేస్తుంది, క.సా.గు. ఎన్నిసార్లు చెప్పినా తల ఊపుతుంది, ఊపి మళ్ళీ ఇదే వేస్తుంది, అందుకే నా జాబితాలో మొదటి నంబరు దానిది. పెద్దమ్మ బోర్డు చూసి, ఓ పెద్ద నిట్టూర్పు విడిచి, అది నా నిట్టూర్పు, భుజాలు రెండూ పడిపోవడంతో సహా నాదే, "ఇంటికెళ్ళి మీ అమ్మనడుగు" అంది, అని ఆగింది. ఆ ఆగడంలో క్లాసంతా సిద్ధమైంది, నేను వెనక నుంచి చూస్తున్నాను, మెడలన్నీ ఒక్కసారి ముందుకి వంగాయి. "నిన్ను కన్నప్పుడు బుర్ర పెట్టిందా, ఇంట్లోనే మర్చిపోయిందా అని." నవ్వారు. ఎక్కడ నవ్వాలో వాళ్ళకి తెలుసు, రోజూ నవ్వే చోటే. నిదానం కూడా నవ్వింది, అది కూడా రోజూ నవ్వుతుంది, ఈ పిల్లకి సిగ్గూ ఎగ్గూ లేదు, ఏమన్నా దులిపేసుకుంటుంది అని స్టాఫ్‌రూమ్‌లో నేనే చెప్పాను. ముందు నుంచి చూస్తే ఆ నవ్వే కనిపిస్తుంది. కానీ ఇప్పుడు బోర్డు వైపు సగం తిరిగి నిలబడింది, వెనక్కి పెట్టుకున్న చేతులు ఇటు కనిపిస్తున్నాయి. కుడిచేతి బొటనవేలి గోరుతో ఎడమ అరచేతిలో నొక్కుతోంది, నవ్వినంతసేపూ నొక్కింది, నవ్వు ఆపాక తీసింది.

లేచాను. బెంచీ ఊగి పక్కవాడి పుస్తకం కింద పడింది. నడుస్తుంటే ఒక్కొక్క వరసా నా వైపు తిరిగింది, పెద్దమ్మ ముఖంలో, సరిగ్గా చెప్పాను కదా టీచర్ అన్న చూపు, దాన్ని ఏమనగలను, దాని తప్పేముంది, నా చేతిరాత చూసి చేతిరాత నేర్చుకున్నట్టు నేర్చుకుంది. భుజం మీద చెయ్యి వేసి దాన్ని దాని చోట కూర్చోబెట్టాను. నిదానం పక్కకి జరిగి నిలబడింది, ఇప్పుడు తిట్టడం టీచరు వంతు అని దానికి తెలుసు. మాట ఉంటే ఏమని ఉండేదాన్నో తెలియదు, మంచి మాటే అని ఉండేదాన్నని చెప్పలేను, ఇరవై రెండేళ్ళ అలవాటు. మాట లేదు కాబట్టి చాక్‌పీసు తీసుకుని ఆ రెండు బై అయిదు పక్కన ఎందుకు అని రాశాను. "ఎందుకలా వేశావని అడుగుతున్నారు, చెప్పు" అంది పెద్దమ్మ కూర్చున్న చోటు నుంచే, వేలు చూపించి ఆపాను. నిదానం బోర్డు చూసింది, నన్ను చూసింది, నేల చూసింది. మామూలుగా ఈపాటికి నేను చెప్పేసేదాన్ని, జవాబు నేనే చెప్పి, అర్థమైందా అని నేనే అడిగి, అయింది అని నేనే అనుకుని రెండో లెక్కకి పోయేదాన్ని, ఇప్పుడు పోవడానికి దారి లేదు. ఫ్యాను తిరుగుతోంది, తిరిగిన ప్రతిసారీ ఒక టిక్కు. ఆడుకునే చోట డ్రిల్లు మాస్టారు విజిలు. ఎవరో పెన్సిలు చెక్కుతున్నారు. ఎంతసేపని, నాకు కాళ్ళు లాగుతున్నాయి, చెప్పు తల్లీ, ఏదో ఒకటి చెప్పు, తెలీదని చెప్పు, అదైనా చెప్పు.

"మీరే వేశారు కదా టీచర్" అంది.

ఏమిటి నేను వేసింది? అర్థంకాక చేయి తిప్పాను. అది తన బెంచీ దగ్గరికి వెళ్ళి, సంచీలోంచి లెక్కల పుస్తకం తీసి, పేజీలు తిప్పుకుంటూ వచ్చి చూపించింది. "ఇది మొదటి చిన్న పరీక్ష టీచర్. రెండు లెక్కలిచ్చారు, నాకు ఒకటి వచ్చింది. ఒకటి బై రెండు అని వేశారు. ఇది రెండోది. మూడిచ్చారు, ఒకటొచ్చింది. ఒకటి బై మూడు." పేజీ తిప్పింది. "ఇక్కడ రెండూ కలిపి రెండు బై అయిదు అని వేశారు. సంతకం కూడా పెట్టారు." నా ఎర్ర సిరా, నా సంతకం, కింద వాళ్ళమ్మ సంతకం, అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా. అయిదు లెక్కల్లో రెండు వచ్చాయి, రెండు బై అయిదే, తప్పేం లేదు. అది వేరు ఇది వేరు, నాకు తెలుసు, అయితే ఏమిటా వేరు అని ఆ పిల్ల ముఖం అడుగుతోంది, నాకు చప్పున తోచలేదు. తోచినది రాశాను, సగానికి ఇంకొకటి కలిపితే సగం కంటే పెరగాలి కదా, నీకొచ్చింది సగం కంటే తక్కువ, కలిపితే తగ్గుతుందా? రాసి, ఇప్పుడు దొరికిపోతుందిలే అనుకున్నాను. నిదానం ఎప్పటిలాగే ఆగింది, ఆలోచించింది. "తగ్గింది కదా టీచర్" అంది. "మొదటిదానికి సగం వచ్చింది, రెండోది కలిపాక తగ్గింది. మా అమ్మ కూడా అడిగింది, అప్పుడు సగం తెచ్చుకున్నావు, ఇప్పుడు తగ్గావేంటే అని." ఎవరూ నవ్వలేదు. నవ్వే చోటు కాదు ఇది, వాళ్ళకి తెలిసిన చోట్లలో ఇది లేదు. మొదటి బెంచీలో పెద్దమ్మ తన పుస్తకం తెరిచి తన మార్కులు చూసుకుంటోంది. "అవును టీచర్" అంది కాసేపటికి, ఈసారి దాని గొంతుతోనే, "మీరు అలాగే కలుపుతారు."

ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలుగా ఈ పిల్ల నేను చేసిన లెక్క చూసి నాకు లెక్క చేసి చూపిస్తోంది, నేను బుర్ర ఎక్కడ మర్చిపోయావని అడుగుతున్నాను. ఒక్కసారి, ముప్పైసార్లలో ఒక్కసారి అడిగి ఉంటే, కానీ ఎప్పుడు అడగను, నలభై మూడు మంది, నలభై నిమిషాలు, ఒక్కొక్కరికీ నిమిషం కూడా రాదు, అందులో తేదీ వేయాలా అన్నదానికి పది నిమిషాలు పోతుంది, ఎవరు చేయగలరు ఈ ఉద్యోగం, నా మీద నాకు కోపం, పెద్దమేడం మీద కోపం, ఆ ఎండ మీద కోపం. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఆయా. "పెద్దమేడంగారు జాబితా తెమ్మన్నారమ్మా, ఇప్పుడే కావాలంట." హాజరు పట్టీలోంచి కాగితం తీశాను. మొదటి నంబరు మీద గీత కొట్టాను, గట్టిగా, కాగితం చిరిగేంత. ఆయా చెయ్యి చాచి ఉంది. మిగతా అయిదు నంబర్లు చూశాను, పద్నాలుగు గుణకారం తలకిందులుగా చేస్తాడు, ఇరవై రెండు అసలు చేయదు, ముప్పై ఎనిమిది చేసిందంతా రబ్బరుతో చెరిపేస్తుంది, ఎందుకో వీళ్ళనెవరినీ అడిగింది లేదు. అడిగితే అయిదుగురూ ఏదో గొప్ప సంగతి చెబుతారని కాదు, చెప్పకపోవచ్చు, ఇరవై రెండుకి నిజంగానే బద్ధకం అయ్యుండొచ్చు. కాగితం మళ్ళీ మడిచి పట్టీలో పెట్టేశాను. ఇంకో కాగితం మీద, ఇవాళ ఇవ్వలేను, సోమవారం మాట్లాడతాను అని రాసి ఇచ్చాను. ఆయా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆవిడ అరుస్తారమ్మా" అంది. తల ఊపాను. అరవనీ, ఆవిడకి గొంతు బాగానే ఉంది. ఆయా కొంగుతో ముఖం తుడుచుకుని, నా వైపు జాలిగా చూసి వెళ్ళింది.

బోర్డు వైపు తిరిగి ఓ చతురస్రం గీశాను, మధ్యకి కోసి సగానికి గీతలు నింపాను, పక్కన ఇంకొకటి గీసి మూడో వంతు నింపాను. దీన్నీ దాన్నీ కలపడమంటే రెండు చతురస్రాలు కాదు, ఒకటే, మొత్తం ఒకటే, పరీక్షల్లో మొత్తం పెరుగుతుంది, ఇక్కడ పెరగదు, అలా అనుకున్నాను కానీ ఆ మాట బోర్డు మీద పెడితే నాకే పూర్తిగా నచ్చలేదు, ఎందుకు పెరగదు అని అడుగుతుంది, అడగనీ అనిపించింది, మళ్ళీ చెరిపేశాను. ఇంకోలా గీశాను. గంట కొట్టారు. నలభై మంది ఒక్కసారిగా లేచారు, బెంచీలు, సంచులు, డబ్బాలు, తలుపు దగ్గర తోపులాట, "టీచర్, హోంవర్కు లేదు కదా", మెట్ల మీద అడుగుల వాన, తర్వాత ఏమీ లేదు. పెద్దమ్మ టేబులు మీద చాక్‌పీసులు డబ్బాలో సర్ది పోయింది. నేను మూడోసారి గీస్తున్నాను, వేళ్ళనిండా సుద్ద, ఇది కుదిరేలా ఉంది, కాదు, ఇందులో కూడా ఓ మెలిక ఉంది, చెరిపాను. వెనక ఎవరో ఉన్నట్టు అనిపించి తిరిగాను.

నిదానం పోలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని మూడో బెంచీలో కూర్చుని, నేను గీసినవీ చెరిపినవీ అన్నీ చూస్తోంది. కిటికీలోంచి బయట బస్సు హారను వినిపించింది, ఒకసారి, రెండుసార్లు. లేచి సంచి భుజాన వేసుకుంది, తలుపు దాకా వెళ్ళి ఆగింది, ఆగి ఎప్పటిలాగే కాసేపు ఆలోచించుకుంది.

"తొందరేం లేదు టీచర్" అంది. "రేపు చెప్పండి."

నా జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగి పరిగెత్తింది.